ఒక్క మొక్క ఎక్కిన ఓడ: కాఫీ తోటలు దేశాలు మారిన చరిత్ర

క్లుప్తంగా: కాఫీ ఇథియోపియా అడవిలో పుట్టి, యెమెన్ కొండ పొలాల్లో పంటగా మారి, అక్కడి నుంచి కొద్దిపాటి విత్తనాలు, మొక్కలతో ప్రపంచమంతా పాకింది. ఒకచోట తోటలు తెగులుతోనో, తిరుగుబాటుతోనో, మంచుతోనో దెబ్బతిన్న ప్రతిసారీ ఇంకో దేశం ఆ మార్కెట్‌ను అందుకుంది. చెట్టు కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పట్టడం, పంట కొన్ని దేశాల్లోనే ఎక్కువగా ఉండటం, సాగంతా చేతి కూలీ మీద నడవడం, ఈ మూడింటి వల్లే ధర ఆకాశానికి ఎక్కి మళ్లీ పడిపోతూ ఉంటుంది. నల్లగొండ, పాలమూరు చెలకల్లో ఈ పంటకు చోటు ఎందుకు లేదో కూడా ఈ చరిత్రలోనే దొరుకుతుంది.

నల్లగొండ గడియారం సెంటర్‌లో అయినా మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గరైనా పొద్దున లేస్తే చాయ్ రాజ్యమే. అయినా ఈ పదేళ్లలో ఫిల్టర్ కాఫీ అమ్మే చిన్న షాపులు జిల్లా కేంద్రాల్లో బాగానే పెరిగాయి, ఇళ్లల్లోకి ఇన్‌స్టంట్ పొడి ఎప్పుడో వచ్చేసింది. అందుకే 2024, 2025లో కాఫీ పొడి ధర పెరిగినప్పుడు ఇక్కడ కూడా రెండు ప్రశ్నలు వినబడ్డాయి. ఎక్కడో బ్రెజిల్‌లో వాన పడకపోతే మన కిరాణా కొట్టులో ప్యాకెట్ ధర ఎందుకు పెరగాలి? ధర ఇంత ఉన్నప్పుడు అరకులో వేసినట్టు మన దగ్గర కూడా కాఫీ ఎందుకు వేయకూడదు? రెండింటికీ సరైన జవాబు కావాలంటే ఈ చెట్టు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో చూడాలి.

ముందు చెట్టు సంగతి

కాఫీలో వందకు పైగా జాతులున్నా వ్యాపారమంతా రెండింటిదే. అరబికా చల్లటి ఎత్తు ప్రాంతాల చెట్టు, వాసన, రుచి దానివి. రోబస్టా కాస్త కింది ఎత్తులో, కాస్త వేడిలో కూడా పండుతుంది, చేదు ఎక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు, తెగుళ్లను బాగా తట్టుకుంటుంది. ఇన్‌స్టంట్ పొడిలో ఎక్కువగా పోయేది ఇదే.

చరిత్రను మలిచిన అసలు విషయం మాత్రం పూతలో ఉంది. అరబికా తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, పక్కన ఇంకో చెట్టు అక్కర్లేదు. అంటే ఒక్క మొక్క దొరికితే చాలు, దాని గింజలతో ఒక దేశానికి సరిపడా తోటలు పెంచొచ్చు. ఈ గుణమే కాఫీని ప్రపంచమంతా తిప్పింది. తర్వాత తెగులు వచ్చినప్పుడు తోటలన్నీ ఒకేసారి పడిపోవడానికీ ఇదే కారణమైంది, ఎందుకంటే లక్షల చెట్లున్నా అవన్నీ దాదాపు ఒకే తల్లి పిల్లలు. పైగా అరబికా పుట్టుకే రెండు అడవి జాతులు సహజంగా కలవడం వల్ల జరిగింది, అందులో ఒకటి రోబస్టానే. అలా పుట్టినప్పుడే దానిలో వైవిధ్యం తక్కువ.

రెండో సంగతి, మొక్క నాటాక మొదటి కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. బత్తాయి వేసిన నల్లగొండ రైతుకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ధర బాగుందని ఊరంతా అంట్లు తెచ్చి పెట్టడం, కాపు అందుకునే నాటికి మార్కెట్లో కాయ గుట్టలు పడటం, తోట తీసేసిన రెండేళ్లకు మళ్లీ ధర రావడం, ఈ చక్రం దక్షిణ తెలంగాణకు బాగా తెలుసు. కాఫీలో ఇదే చక్రం దేశాల స్థాయిలో తిరుగుతుంది.

ఇథియోపియా అడవి, యెమెన్ మెట్ల పొలాలు

అరబికా పుట్టిల్లు నైరుతి ఇథియోపియాలోని కొండ అడవులు. మేకలు ఎర్రటి కాయలు తిని గంతులేశాయని, అది చూసిన కాపరి కాఫీని కనిపెట్టాడని చెప్పే కథ అందరికీ తెలిసిందే, కానీ అది పుస్తకంలోకి ఎక్కింది 1671లో, అదీ ఐరోపాలో. కాబట్టి దాన్ని కథగానే తీసుకోవాలి. గట్టి ఆధారాలు దొరికేది 15వ శతాబ్దపు యెమెన్ నుంచి. అక్కడి సూఫీలు రాత్రి జిక్ర్, అంటే దైవ నామస్మరణ, చేసేటప్పుడు నిద్ర రాకుండా ఈ కషాయం తాగేవాళ్లు.

యెమెన్ రైతులు చేసిన పని చిన్నది కాదు. వాన తక్కువ ఉండే నిటారు కొండలను మెట్లుగా చెక్కి, రాతి గట్లు కట్టి, వాన నీటిని మళ్లించి, అడవి చెట్టును పంట చెట్టుగా మార్చారు. తాగే అలవాటు మక్కా, కైరో, ఇస్తాంబుల్ దాకా పాకింది. 1511లో మక్కా అధికారి ఖైర్ బేగ్ కాఫీని నిషేధించాడు, కైరో సుల్తాన్ ఆ నిషేధాన్ని నిలవనివ్వలేదు. 16వ శతాబ్దం మధ్యలో ఇస్తాంబుల్‌లో కాఫీ హోటళ్లు తెరుచుకున్నాయి, 1652లో లండన్‌లో మొదటిది వచ్చింది. ఈ గింజంతా బయటికి వెళ్లింది ప్రధానంగా ఎర్ర సముద్రం పక్కనున్న మోఖా రేవు నుంచి. ఇవాళ కాఫీ షాపుల బోర్డుల మీద కనిపించే ‘మోకా’ ఆ ఊరి పేరే. హైదరాబాద్ బార్కస్‌లోని చావూష్ (అరబ్ మూలాలున్న) కుటుంబాల పెద్దలు నిజాం ఫౌజులో చేరడానికి వచ్చింది కూడా ఆ యెమెన్ వైపు హద్రమౌత్ నుంచే, అంటే కాఫీ తొలి పంట భూమికీ ఈ నేలకూ మనుషుల చుట్టరికం ఒకటి ఉంది.

రెండు వందల ఏళ్ల దగ్గర దగ్గరగా యెమెన్ ఈ వ్యాపారాన్ని తన చేతిలో ఉంచుకుంది. మొలకెత్తే విత్తనం బయటికి పోకుండా గింజలను ఉడకబెట్టో, వేయించో అమ్మేవాళ్లని చెబుతారు. అసలు కాఫీ విత్తనం కొన్ని నెలల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది, కాబట్టి ఆ రోజుల్లో నెలల తరబడి సాగే ఓడ ప్రయాణమే సగం కాపలా కాసింది. ఆ కాపలా తప్పించుకున్న మొదటివాళ్లలో ఒకరిగా మన దక్షిణ భారతం బాబా బుడన్‌ను తలుచుకుంటుంది. 17వ శతాబ్దంలో హజ్ నుంచి తిరిగొస్తూ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు దగ్గరి కొండల్లో నాటాడని కథ. లెక్క ఏడేనా అన్నది పక్కన పెడితే, ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది, భారతదేశపు కాఫీకి మొదటి చిరునామా కూడా అదే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక చెట్టు

డచ్ వాళ్లు మోఖా నుంచి మొక్కను 1616లోనే తీసుకెళ్లారు. పంటగా పట్టాలెక్కింది మాత్రం జావా దీవిలో. 1696లో మలబారు తీరం నుంచి మొక్కలు జావాకు పంపారు, అవి వరదలో పోయాయి, 1699లో మళ్లీ పంపారు, ఈసారి నిలిచాయి. అంటే యెమెన్ కాఫీ జావా చేరింది మన పడమటి తీరం మీదుగానే. 1706లో జావా నుంచి ఒక మొక్క ఆమ్‌స్టర్‌డామ్‌లోని వృక్షశాస్త్ర వనానికి వెళ్లింది. దాని సంతతిలోని ఒక మొక్కను 1714లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి కానుకగా ఇచ్చారు. ఆ పారిస్ మొక్క పిల్లను గాబ్రియేల్ ద క్లూ అనే నౌకాదళ అధికారి 1720ల్లో కరీబియన్‌లోని మార్టినిక్ దీవికి తీసుకెళ్లాడు. ఓడలో మంచినీళ్లు కరువైతే తన వంతు నీళ్లనే దానికి పోశానని తర్వాత ఆయనే రాసుకున్నాడు. 1727లో ఫ్రెంచ్ గయానా నుంచి ఫ్రాన్సిస్కో ద మెలో పల్యెతా బ్రెజిల్‌కు విత్తనం తెచ్చాడు. ఇంకోవైపు ఫ్రెంచ్ వాళ్లు యెమెన్ నుంచి నేరుగా హిందూ మహాసముద్రంలోని బోర్బన్ (ఇప్పటి రీయూనియన్) దీవికి మొక్కలు తీసుకెళ్లారు.

ఇలా జావా దారిలో వెళ్లిన దాన్ని టిపికా అనీ, దీవి దారిలో వెళ్లిన దాన్ని బోర్బన్ అనీ అంటారు. లాటిన్ అమెరికా అరబికా తోటల్లో చాలా భాగం ఈ రెండు పిడికెళ్ల సంతానమే. ఒక్క పోలిక చూస్తే ఈ ప్రయాణం ఎంత వింతగా సాగిందో అర్థమవుతుంది: ఇథియోపియాకు పక్క దేశమైన కెన్యాలోకి కాఫీ సాగు వచ్చింది 1893లో, అదీ ఫ్రెంచ్ మిషనరీల చేతుల మీదుగా. గడప పక్కనే ఉన్న ఊరికి భూగోళమంతా తిరిగి వచ్చింది.

చెట్టు మోసుకొచ్చిన కూలి వ్యవస్థలు

కాఫీ పండ్లన్నీ ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద పచ్చివీ ఎర్రవీ కలిసి ఉంటాయి, మంచి సరుకు కావాలంటే పండిన దాన్నే ఏరాలి, అందుకే ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. కొండ వాలు మీద ఈ పనికి ఇవాళ్టికీ చాలా దేశాల్లో మిషన్ పనికిరాదు. కాబట్టి కాఫీ ఎక్కడికి వెళ్లినా వేలమంది చేతులను వెతుక్కుంటూ వెళ్లింది, ఆ చేతులను ఎలా తెచ్చారన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన అధ్యాయం.

కరీబియన్‌లో ఫ్రెంచ్ వలస శాన్ దొమింగ్, అంటే ఇప్పటి హైతీ, 1780ల చివరికి ప్రపంచ కాఫీలో దాదాపు సగం పండించేది. ఆ తోటల్లో పనిచేసింది ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన బానిసలు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు, 1804 జనవరి 1న స్వతంత్ర దేశం ప్రకటించుకున్నారు. ప్రపంచ మార్కెట్లో ఒక్కసారిగా సగం ఖాళీ. ఆ ఖాళీలోకి జావా, క్యూబా వచ్చాయి, అందరికన్నా ఎక్కువగా బ్రెజిల్ వచ్చింది. బానిసల తిరుగుబాటు వల్ల ఏర్పడిన ఆ చోటును బ్రెజిల్ నింపింది కూడా బానిసలతోనే. రియో వెనకున్న పరాయిబా లోయలో అడవి నరికి, వాలుకు అడ్డంగా కాకుండా పైనుంచి కిందికి నిలువు సాళ్లలో మొక్కలు నాటారు. కూలీల మీద కాపలా కాయడానికి అది వీలుగా ఉండేది, కానీ ప్రతి వానకూ పైమట్టి కొట్టుకుపోయింది. కొన్ని దశాబ్దాల్లో ఆ నేల సారం పోయి తోటలు సావో పాలో ఎర్ర నేలలకు కదిలాయి, వాటి వెంట రైళ్లు వచ్చాయి. బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది 1888లో, పశ్చిమార్ధ గోళంలో అందరికన్నా చివర. తర్వాత ఇటలీ నుంచి కుటుంబాలకు కుటుంబాలను టికెట్ ఇచ్చి తెచ్చారు. అక్కడి పరిస్థితులు ఎలా ఉండేవంటే 1902లో ఇటలీ ప్రభుత్వమే అలా టికెట్ ఇచ్చి తీసుకెళ్లడాన్ని ఆపేసింది.

జావాలో దారి వేరు. 1830 నుంచి డచ్ ప్రభుత్వం రైతుల చేత పన్ను కింద ఎగుమతి పంటలు పండించింది, కాఫీ అందులో ముఖ్యమైనది, ధర ప్రభుత్వం చెప్పిందే. మధ్య అమెరికాలో ఇంకో దారి: ఎల్ సాల్వడార్‌లో 1881, 1882 చట్టాలతో ఊరి ఉమ్మడి భూములను రద్దు చేశారు, ఆ కొండ వాలులు కాఫీ దొరల చేతుల్లోకి వెళ్లాయి, భూమి పోయినవాళ్లే కూలీలయ్యారు.

సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, కథ మాత్రం పాలమూరు పాఠకుడికి దగ్గరగా తగులుతుంది. బ్రిటిష్ వాళ్ల కాఫీ తోటలకు తమిళ జిల్లాల నుంచి కూలీలు వెళ్లేవాళ్లు. వాళ్లను పోగు చేసేది కంగాణి, అంటే కూలీల పెద్ద. ఊళ్లో అడ్వాన్స్ ఇస్తాడు, గుంపును కడతాడు, తోట దాకా నడిపించుకు పోతాడు, కూలి డబ్బు కూడా అతని చేతి మీదుగానే అందుతుంది, అప్పు తీరేదాకా మనిషి కదలలేడు. పాలమూరు పల్లెల్లో గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి కుటుంబాలను డ్యాముల పనికి, కాల్వల పనికి తీసుకెళ్లిన పద్ధతి పక్కన పెట్టి చూడండి, ఎముకల గూడు ఒకటే. దేశం వేరు, కాలం వేరు, ఒకటి తోట, ఇంకోటి ప్రాజెక్టు. కానీ కరువు నేలలో అప్పు ఇచ్చి మనిషిని దూరానికి కదిలించే యంత్రం రెండు చోట్లా ఒకేలా పనిచేసింది. సిలోన్ అడవి దారిలో కలరాతో, ఆకలితో చనిపోయినవాళ్లు ఎందరో.

కాఫీ కోత సీజన్ పని కాబట్టి ఆ కూలీల్లో చాలామంది కోత అయ్యాక ఊరికి తిరిగొచ్చేవాళ్లు. ఆ రాకపోకలు ఆగిపోవడానికి కారణం ఒక తెగులు.

1869: ఆకు కింద నారింజ పొడి

సిలోన్ తోటల్లో 1869లో ఆకుల అడుగున నారింజ రంగు పొడి మచ్చలు కనబడ్డాయి. ఆకు తుప్పు తెగులు. ఇది కాయను నేరుగా ముట్టదు, ఆకుల్ని రాల్చేస్తుంది, ఆకు లేని చెట్టు కాయను సాకలేదు, ఏటేటా నీరసపడి చివరికి ఎండిపోతుంది. పొడిలోని ఒక్కో రేణువూ ఒక విత్తనం లాంటిది, గాలికి, వాన చినుకులకు ఎగిరి పక్క చెట్టు మీద పడుతుంది. అడవిలో అయితే పక్కన ఇంకేదో చెట్టు ఉంటుంది, అక్కడ ఆగిపోతుంది. సిలోన్‌లో కొండ తర్వాత కొండ మొత్తం కాఫీ, మధ్యలో నీడ చెట్టు కూడా లేకుండా. 1880ల మొదట్లో దీన్ని పరిశీలించడానికి వచ్చిన శాస్త్రవేత్త మార్షల్ వార్డ్ తెగులు జీవిత చక్రాన్ని విప్పి చెప్పాడు, ఒకే పంటను ఎడతెగకుండా వేయడమే దానికి అంత మేత వేసిందని చూపించాడు. అప్పటికే ఆలస్యమైంది. పాతికేళ్లలో సిలోన్ కాఫీ దేశం నుంచి టీ దేశంగా మారిపోయింది.

ఈ మార్పు మనుషుల బతుకును ఎలా మార్చిందో కూడా గమనించాలి. టీ ఆకు ఏడాది పొడవునా కోయాలి. కాఫీకి వచ్చిపోయే కూలీలు టీ తోటల లైన్ ఇళ్లల్లో శాశ్వతంగా ఉండిపోవాల్సి వచ్చింది, తరాలు గడిచాయి. 1948లో స్వతంత్ర సిలోన్ తెచ్చిన పౌరసత్వ చట్టంతో ఆ తోటల తమిళుల్లో లక్షలమంది ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. ఒక ఆకు మచ్చ నుంచి పౌరసత్వం దాకా నడిచిన గొలుసు ఇది.

తుప్పు అక్కడ ఆగలేదు. దక్షిణ భారతానికీ, జావాకూ వచ్చింది. జావాలో దానికి జవాబుగా 1900 ప్రాంతంలో కాంగో వైపు నుంచి రోబస్టాను తెచ్చి వేశారు, ఇవాళ ప్రపంచంలో పది గింజల్లో నాలుగు రోబస్టా కావడానికి తొలి అడుగు అదే. కర్ణాటక, కొడగు తోటలు బతికి బట్టకట్టడానికి నీడ చెట్ల కింద సాగు కొంత కారణం, తట్టుకునే రకాలు వెతకడం ఇంకో కారణం. బాలెహొన్నూర్‌లో 1925లో పెట్టిన పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎస్-795 రకం ఇప్పటికీ మన అరబికా తోటల్లో విరివిగా కనిపిస్తుంది. బ్రెజిల్‌లో తుప్పు 1970లో కనబడింది, అంటే అట్లాంటిక్ దాటడానికి వందేళ్లు పట్టింది. 2012లో మధ్య అమెరికాను మళ్లీ కుదిపేసింది, పనులు పోయిన కుటుంబాలు ఉత్తరాన అమెరికా వైపు వలస పట్టాయి.

ధరను పట్టి ఉంచాలనే ప్రయత్నాలు

20వ శతాబ్దం మొదట్లో ప్రపంచ కాఫీలో మూడొంతులకు పైగా ఒక్క బ్రెజిల్‌దే. పంట ఎక్కువై ధర పడిపోతుంటే 1906లో అక్కడి రాష్ట్రాలు తౌబాతే అనే ఊళ్లో ఒప్పందం చేసుకుని, అప్పు తెచ్చి, సరుకు కొని గోదాముల్లో దాచడం మొదలుపెట్టాయి. ధర నిలబడింది, కానీ నిలబడిన ధర చూసి ఇంకా ఎక్కువమంది మొక్కలు వేశారు, బ్రెజిల్ దాచిన సరుకు వల్ల కొలంబియా కూడా లాభపడింది. 1929లో ఆర్థిక మాంద్యం వచ్చేసరికి గోదాములు నిండి ఉన్నాయి. 1931 నుంచి 1944 దాకా బ్రెజిల్ సుమారు 7.8 కోట్ల బస్తాల కాఫీని తగలబెట్టింది. బస్తాకు 60 కిలోలు, అంటే దాదాపు 47 లక్షల టన్నులు. ఇప్పుడు భారతదేశం ఏడాదికి పండించేది మూడున్నర లక్షల టన్నుల దగ్గర, అంటే మన పదమూడేళ్ల పంట బూడిదైనట్టు. మిగిలిన సరుకును నిల్వ చేసే దారి వెతుకుతూ బ్రెజిల్ అడిగితేనే నెస్లే కంపెనీ నీళ్లలో కరిగే పొడి మీద పనిచేసింది, 1938లో నెస్కఫే వచ్చింది. మన ఇళ్లలోని ఇన్‌స్టంట్ సీసా పుట్టింది ఆ మిగులు నుంచే.

1962లో ఎగుమతి దేశాలు, కొనే దేశాలు కలిసి అంతర్జాతీయ కాఫీ ఒప్పందం చేసుకున్నాయి. ఒక్కో దేశానికి కోటా పెట్టి ధరను ఒక హద్దులో ఉంచారు. లాటిన్ అమెరికా రైతు దివాలా తీస్తే కమ్యూనిజం వైపు వెళ్తాడేమో అన్న భయం అమెరికాకు ఉండేది, కొనే దేశమై ఉండి కూడా ఎక్కువ ధరకు ఒప్పుకోవడానికి అది పెద్ద కారణం. ఆ ప్రచ్ఛన్న యుద్ధం ముగిసే వేళ, 1989లో, కోటాలు కూలిపోయాయి. సరిగ్గా అప్పుడే వియత్నాం తన మధ్య ఎత్తు ప్రాంతాల్లో రోబస్టా తోటలు వేస్తోంది. 1994లో బ్రెజిల్‌ను మంచు దెబ్బ కొట్టడంతో ధర ఎగిరింది, ఆ ధర చూసి అందరూ నాటారు, ఆ చెట్లన్నీ కాపుకొచ్చిన 2001 నాటికి ధర ముప్పై ఏళ్లలో లేనంత కిందికి పోయింది. ఆ చక్రంలో వియత్నాం ప్రపంచంలో రెండో స్థానానికి చేరింది.

మన దేశంలో 1940ల నుంచి 1990ల దాకా కాఫీ బోర్డు పూల్ పద్ధతి ఉండేది. రైతు పంట మొత్తం బోర్డుకు అప్పగించాలి, బోర్డు వేలం వేస్తుంది, డబ్బు విడతలుగా వస్తుంది. టెన్షన్ తక్కువ, కానీ ధర పెరిగినప్పుడు లాభం చేతికి అందేది కూడా తక్కువ, ఆలస్యం. 1992 తర్వాత మెల్లగా విడిచిపెట్టి, 1996 నాటికి రైతు తన ఇష్టం వచ్చిన చోట అమ్ముకునేలా చేశారు. ఆ స్వేచ్ఛ వచ్చిన ఐదేళ్లకే పైన చెప్పిన 2001 పతనం ఎదురైంది.

2024, 2025 ధరలకు మూలం

ఇవాళ బ్రెజిల్, వియత్నాం కలిసి ప్రపంచ పంటలో సగానికి పైగా పండిస్తున్నాయి. 1975 జూలైలో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో ఒక్క రాత్రి మంచుకు తోటలు దాదాపు మొత్తం మాడిపోతే 1977కు పౌండు (దాదాపు 450 గ్రాములు) ధర మూడు డాలర్లు దాటింది, ఆ రికార్డు నలభై ఏళ్లకు పైగా నిలిచింది. 2021లో బ్రెజిల్‌లో మళ్లీ మంచు, 2024లో అక్కడ కరువు, అదే ఏడు వియత్నాంలో కూడా కరువు. వియత్నాం రైతుల్లో కొందరు అప్పటికే కాఫీ తీసి చైనాకు అమ్మే డ్యూరియన్ పండ్ల తోటలు వేసుకున్నారు. రెండు పెద్ద స్తంభాలూ ఒకేసారి కదిలాయి. 2025 ఫిబ్రవరిలో అరబికా పౌండుకు నాలుగు డాలర్లు దాటింది.

భారతదేశం పండించే కాఫీలో దాదాపు 70 శాతం ఎగుమతి అవుతుంది. చిక్కమగళూరు వ్యాపారి ముందు ఎప్పుడూ న్యూయార్క్, లండన్ మార్కెట్ల ధర ఉంటుంది, అంతకన్నా తక్కువకు హైదరాబాద్ పొడి కంపెనీకి ఇవ్వాల్సిన అవసరం అతనికి లేదు. దేశంలో పండుతున్నా ప్యాకెట్ మీద ప్రపంచ ధర పడేది ఇందుకే.

అరకులో ఉన్నది, ఇక్కడ లేనిది

తెలుగు నేలలో కాఫీ 1898 ప్రాంతంలో తూర్పు గోదావరి ఏజెన్సీ పాములేరు లోయలో మొదలైంది. తర్వాత అటవీ శాఖ, 1960ల నుంచి కాఫీ బోర్డు, గిరిజన సంస్థలు దాన్ని పాడేరు, అరకు వైపు పెంచాయి. పోడుకు బదులు ఒక నిలకడైన ఆదాయం చూపించడం దాని వెనకున్న ఆలోచన. ఆదివాసీ కుటుంబం ఎకరం రెండెకరాల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ పెంచుతుంది. సిలోన్ లాంటి దొరల తోటకు ఇది పూర్తి తలకిందులు, ఈ పంట చరిత్రలో అరుదుగా కనిపించే మంచి మలుపు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధర పెరిగిన రోజుల్లోనూ రిస్క్ లేకపోలేదు, 2025లో అక్కడి తోటల్లో కాయ తొలిచే పురుగు కనబడింది.

మరి ఇక్కడ? అరకు కాఫీ తోటలు చాలావరకు 900 మీటర్లకు పైన ఉంటాయి. మహబూబ్‌నగర్ ఎత్తు 500 మీటర్ల దగ్గర, నల్లగొండ ఇంకా తక్కువ. అరబికాకు ఏడాది పొడవునా 18 నుంచి 24 డిగ్రీల సగటు వేడి, 1500 మిల్లీమీటర్ల పైన వాన కావాలి. ఈ జిల్లాల్లో వాన అందులో సగం, మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. నీళ్లంటే బోరుతో, డ్రిప్‌తో కొంత తేవచ్చు. గాలిలోని చల్లదనం, తేమ తేలేం. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి జల్లు పడితే తొమ్మిదో రోజుకు కాఫీ తోట తెల్లగా పూస్తుంది, ఆ తర్వాత ఇంకో జల్లు పడాలి. మన దగ్గర ఆ నెలల్లో వచ్చేది వడగాలి, పడితే గాలివాన. రోబస్టా కాస్త వేడి తట్టుకున్నా ఇంత ఎండను తట్టుకోదు. ఎత్తు, చల్లదనం కొంత ఉన్నది నల్లమలలో, అమ్రాబాద్ పీఠభూమి మీద. అది పులుల అభయారణ్యం, చెంచుల అడవి, తోట పంటలకు నరికే నేల కాదు.

మొబైల్‌లో తిరిగే ‘ఎకరాకు లక్షలు’ వీడియోలు చూసి మొక్క కొనే ముందు ఈ లెక్క ఒకటి వేసుకోవాలి. ఒకవేళ వాతావరణం ఒప్పుకున్నా, ఇవాళ నాటిన చెట్టు పంట అమ్ముకునేది ఇవాళ్టి ధరకు కాదు, మూడు నాలుగేళ్ల తర్వాతి ధరకు. ఇదే ఎర్ర చెలకలో పల్లి, కంది, ఆముదం, మామిడి, బత్తాయికి మార్కెట్, తరుగు, రవాణా సమస్యలు ఉన్నా కనీసం నేల ఒప్పుకున్న పంటలవి.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

పొడి ధర ఎటు పోతుందో ముందుగా తెలియాలంటే మూడు చోట్ల వాతావరణం గమనిస్తే చాలావరకు సరిపోతుంది: జూన్ నుంచి ఆగస్టు దాకా దక్షిణ బ్రెజిల్‌లో మంచు, ఏడాది మొదటి నెలల్లో వియత్నాం ఎత్తు ప్రాంతాల్లో నీటి పరిస్థితి, మార్చి, ఏప్రిల్‌లో కొడగు, చిక్కమగళూరులో పూత జల్లులు. గింజ ధర తగ్గిన వెంటనే ప్యాకెట్ ధర తగ్గదు, ఎక్కువ ధరకు కొన్న నిల్వ అమ్ముడు పోయేదాకా కంపెనీలు ఆగుతాయి.

ఇంకోటి చికోరీ, పొడి చేసి కాఫీలో కలిపే ఒక మొక్క వేరు. 19వ శతాబ్దం మొదట్లో నెపోలియన్ దిగ్బంధంతో ఐరోపాకు కాఫీ అందక దీని వేరును వేయించి కలపడం బాగా పెరిగింది, దక్షిణ భారతానికి అది అలవాటుగా, చాలామందికి ఇష్టంగా కూడా మిగిలింది. చికోరీ కాఫీ కన్నా చాలా చవక, అందుకే గింజ ధర పెరిగినప్పుడు ప్యాకెట్ ధర పెంచకుండా లోపల దాని పాళ్లు పెంచే వీలుంటుంది. మన దేశపు నిబంధన ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద ముద్రించాలి. 200 గ్రాముల ప్యాకెట్‌లో 80 శాతం కాఫీ ఉంటే 160 గ్రాములు, 53 శాతం ఉంటే 106 గ్రాములు. రెండు ప్యాకెట్ల ధర పోల్చేటప్పుడు భాగించాల్సింది ఈ గ్రాములతోనే.